కుమారి ఎండబెట్టిన ద్రాక్ష

శ్రావణి ఆ పుస్తకాన్ని మిల్లు ఆఫీసు బల్ల మీద నుంచి తీసుకొచ్చింది. నున్నటి కాగితం, రంగుల ఫోటోలు, పన్నెండు పేజీలు.

"అమ్మా, ఇందులో నీ చేతులున్నాయే!" అంది.

కుమారి అప్పుడు షెడ్డులో తడకల మీద పరిచిన ద్రాక్షగుత్తుల్ని తిరగేస్తోంది. నందివెలుగు రోడ్డులో మూతబడ్డ రైసుమిల్లు అది. తెనాలిలో పేరున్న రైతు పూర్ణచంద్రరావు గారిది. ఆరేళ్ళుగా అక్కడ ధాన్యం బదులు ఎర్రద్రాక్ష దిగుతోంది, బియ్యం బదులు వైను సీసాలు బయటికి పోతున్నాయి. ఆ వైను ఇటలీ పల్లెల్లో పాతకాలం వాళ్ళు చేసుకునే పద్ధతిలో చేసింది. చేసేది కుమారి.

"నా చేతులేంటే?" అంటూ దగ్గరికొచ్చి చూసింది. నిజమే. ద్రాక్షల మీద వంగిన రెండు చేతులు. కుడి మణికట్టు మీద చిన్నప్పుడు చేపల వేపుడు నూనె పడి కాలిన మచ్చ. మొహం మాత్రం లేదు. మెడ దగ్గరికి కోసేశారు.

"కింద ఏం రాశారు?"

రేపల్లెలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్న శ్రావణి ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పింది. "మిల్లు వాళ్ళ ముత్తాతగారు వందేళ్ళ కిందట ఇటలీ నుంచి వచ్చిన ఒక ఫాదరీ దగ్గర ఈ విద్య నేర్చుకున్నారంట. ఎండు ద్రాక్షతో వైనుని రెండోసారి పొంగించే రహస్యం నాలుగు తరాలుగా వాళ్ళింట్లోనే దాచుకున్నారంట. అమ్మా, ఇదంతా ఎప్పుడు జరిగిందే?"

కుమారి చేతిలో ఉన్న గుత్తి నలిగి రసం వేళ్ళ సందుల్లోంచి కారింది.

కుమారిది అడవులదీవి. సముద్రం మీద బతికే కుటుంబం. పదేళ్ళ వయసు నుంచే తల్లి వీరరాఘవమ్మతో కలిసి చేపల గంప రేపల్లె మార్కెట్టుకి మోసింది. చేప మొప్ప ఎత్తకుండానే, వాసన చూసి అది పొద్దుటిదో నిన్నటిదో చెప్పేసేది. "దీని ముక్కుని నమ్ముకుని బేరం చెయ్యొచ్చు," అని వీరరాఘవమ్మ మురిసిపోయేది. పెళ్ళయి, శ్రావణి పుట్టిన ఏడాదికి, ఇంట్లో గడవక ఏజెంటు ద్వారా ఇటలీ వెళ్ళింది. కొండల్లో చిన్న ఊరు. రొసీనా అనే ముసలావిడకి తోడుగా ఉండాలి. నడవాలంటే పట్టుకోవాలి, తినాలంటే కలిపిపెట్టాలి. ఆ ఇంట్లో తరతరాలుగా వైను చేస్తారు. రొసీనాకి చూపు పోయింది కానీ ముక్కు పోలేదు. వెళ్ళిన ఏడాదికి ఒక రోజు పీపాల గదిలో కుమారి, "మూడో పీపా పుల్లబడుతోంది," అంది. కొడుకులెవరూ పట్టించుకోలేదు. రొసీనా మాత్రం కర్ర తాటించుకుంటూ వెళ్ళి వాసన చూసి, వెనక్కి తిరిగి కుమారి చెయ్యి పట్టుకుంది. ఆ రోజు నుంచి ఆవిడ పోయేదాకా, తొమ్మిదేళ్ళు, ఆ చెయ్యి వదల్లేదు. తనకు తెలిసిందంతా చెప్పింది.

తిరిగొచ్చేటప్పుడు కుమారి పెట్టెలో తన చేత్తో చేసిన నాలుగు సీసాలు తెచ్చుకుంది. అందులో ఒకటి ఎలాగో రేపల్లె డాక్టరు గారింటికి చేరింది, అక్కడ భోజనానికొచ్చిన పూర్ణచంద్రరావు గారి గ్లాసులో పడింది. మూడో రోజున ఆయన అడవులదీవి వెతుక్కుంటూ వచ్చి, వాకిట్లో ఆరేసిన వలల పక్కన నిలబడి, "ఇది నువ్వు చేశావంటగా అమ్మాయ్. నాకు మిల్లుంది. ఓపికుంది. చేద్దామా?" అన్నాడు.

అలా అడిగిన పెద్దమనిషి అంతకుముందు ఆమెకు తారసపడలేదు. అందుకే నమ్మింది. ఆయనా తక్కువ చేయలేదు. లైసెన్సు కోసం రెండేళ్ళు తిరిగాడు. మహారాష్ట్రలో ఇటలీ రకం ద్రాక్ష పండించే శిందే అనే రైతుని వెతికి పట్టుకున్నాడు. మొదటి ఏడు వైనంతా పాడైపోతే, "పోతే పోయిందిలే, నేర్చుకున్నాం," అని నవ్వాడు.

ఎండు ద్రాక్ష దగ్గరే కుమారి తన సొంత బుర్ర వాడింది. ఇటలీ చలిలో గుత్తుల్ని నెలల తరబడి అటకల మీద ఆరబెడతారు. ఇక్కడి మాఘమాసపు ఎండలో అలా చేస్తే బొగ్గవుతాయి, మూసిన గదిలో పెడితే బూజు పడతాయి. ఏం చేయాలో తోచక అడవులదీవిలో కూర్చుని ఉంటే, వీరరాఘవమ్మ నెత్తళ్ళ చేపలు ఎండబెడుతూ కనిపించింది. తాటాకు పందిరి కింద, నేలకి నడుమెత్తు పైన వల బిగించి, అడుగు నుంచి సముద్రపు గాలి తగిలేలా. కుమారి మర్నాడే మిల్లు షెడ్డులో అలాంటి తడకలే కట్టించింది. రోజుకి మూడుసార్లు తిరగేయాలి. పదకొండో రోజుకి పండులో నీళ్ళ వాసన పోయి బెల్లప్పాకం వాసన తిరుగుతుంది. అప్పుడు తీసి, ఒకసారి పొంగి చల్లారిన వైనులో కలపాలి. రెండోసారి పొంగుతుంది. ఆ వైనుకి వచ్చే మెత్తదనం వేరు. పూర్ణచంద్రరావు మొదటి గ్లాసు తాగి కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చున్నాడు. "నువ్వు మా ఇంటి మనిషివి కుమారీ," అన్నాడు. ఆ మాట విని ఆ రోజు ఆమె ఎంత పొంగిపోయిందో!

ఇప్పుడు ఆ సంగతి గుర్తొచ్చి తన మీద తనకే ఒళ్ళు మండింది.

పుస్తకం పట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళింది. పూర్ణచంద్రరావు కోడలు చందన కంప్యూటరు ముందుంది. అమ్మకాలు చూసేది ఆమే.

"చందనమ్మగారూ, ఈ ముత్తాతగారి కథ ఎక్కడిదండి?"

చందన తలెత్తి నవ్వింది. "అది మార్కెటింగ్ కుమారీ. కథ లేకపోతే సీసా ఎవరూ కొనరు."

"కథ ఉంది కదండి. నాది ఉంది. మా అమ్మది ఉంది."

"ఏమని రాయమంటావ్? అడవులదీవి, ఎండుచేపల తడకలు, గంపలు... చదివినవాళ్ళు గ్లాసు ముట్టుకుంటారా చెప్పు?"

కుమారికి చెవుల్లో వేడి పుట్టింది. ఆ పుస్తకంతోనే తెనాలిలో పూర్ణచంద్రరావు ఇంటికి వెళ్ళింది. ఆయన ఉయ్యాలబల్ల మీద పేపరు చదువుతున్నాడు. పుస్తకం చూపిస్తే ఒక్కసారి తిరగేసి పక్కన పెట్టాడు.

"పిల్లలేదో రాసుకున్నార్లే అమ్మాయ్. పట్టించుకోకు."

"మీ తాతగారు వైను చేశారాండి?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మా తాత మంచినీళ్ళు కూడా వడగట్టుకుని తాగేవాడు. అయినా ఇంటి మనిషివి, నీకు తెలియనిదేముంది? ఎవరి పేరైతేనేం, అంతా మనదేగా."

మనదే అంటే అందరిదీ అని కాదు, ఆయనదని. అది కుమారికి బస్సెక్కాక గాని తట్టలేదు. తట్టాక తెనాలి నుంచి నందివెలుగు దాకా పళ్ళు నూరుతూనే ఉంది.

నాలుగు రోజులకి బాపట్లలో, సూర్యలంక బీచ్ దగ్గర రిసార్టులో విందు పెట్టారు. హైదరాబాదు నుంచి ఒక పెద్ద హోటలు కంపెనీ తరఫున ఒకావిడ వస్తోంది. ఆమెకి నచ్చితే వాళ్ళ హోటళ్ళన్నింటికీ ఈ వైనే. కుమారిని కూడా రమ్మన్నారు. చీర కట్టుకుని, తల దువ్వుకుని వెళ్ళింది. తీరా వెళ్ళాక చందన వంటప్పుడు కట్టుకునే ఏప్రను చేతికిచ్చింది. "నువ్వు చేసే వంజరం వేపుడు చాలా బావుంటుంది కుమారీ. వైనుకి బాగా నప్పుతుంది. కొంచెం చూసుకో."

కుమారి వేపింది. ముక్కలు ప్లేట్లలో సర్ది తానే బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. అప్పుడు హోటలావిడ గ్లాసు పక్కన పెట్టి అడుగుతోంది. తెలుగామే.

"చాలా బావుందండి. ఒకటి అడగాలి. పండు ఎన్నాళ్ళు ఎండబెడతారు? ఆపే సమయం ఎలా తెలుస్తుంది?"

"ముప్పై రోజులండి. మంచి ఎండలో," అంది చందన.

"ఈ ఎండలో ముప్పై రోజులా? మాడిపోదూ?"

చందన మామగారి వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. బల్లకి నాలుగడుగుల దూరంలో కుమారి నిలబడి ఉంది. ఆయన ఆమెను చూశాడు. చూసి, కళ్ళు తిప్పేసుకున్నాడు.

"మా తాత చెప్పేవారండి, ఎండబెట్టడంలోనే ఉంది కిటుకంతా అని. ఆయన చేతిలో ఏదో మహత్తు..."

ప్లేటు బల్ల మీద పెట్టిన చప్పుడుకి అందరూ తలలు తిప్పారు.

"నీడలో అండి," అంది కుమారి హోటలావిడతో. "ఎండలో కాదు. తాటాకు పందిరి కింద, వల మీద. పదకొండు రోజులు. రోజులు లెక్కపెట్టుకుని కాదు, వాసన చూసి ఆపాలి. బెల్లప్పాకం వాసన రావాలి. ఇంకొక్క రోజు దాటితే మాడు వాసనొస్తుంది, వైను చేదెక్కుతుంది."

"కుమారీ, నువ్వు లోపలికి వెళ్ళు," అంది చందన.

"వెళ్తానండి. బాబుగారూ, మీ తాతగారు ఏ రోజు చేపలు ఎండబెట్టారండి? ఈ తడకలు మా అమ్మవి. ఆ ఫోటోలో చేతులు నావి. తల కోసేసి చేతులు మాత్రం ఉంచుకున్నారు మీరు. చేతులు కూడా కోసేయలేకపోయారా?"

"హద్దు మీరకు కుమారీ!" పూర్ణచంద్రరావు లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. "ఎవరి ముందు ఏం మాట్లాడుతున్నావ్?"

"నా వైను తాగుతున్నవాళ్ళ ముందు మాట్లాడుతున్నానండి."

ఏప్రను విప్పి కుర్చీ మీద వేసి, గేటు దాటి, మధ్యాహ్నం ఎండలో బస్టాండుకి నడిచింది. రేపల్లె బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఎందుకిలా చేశానా అనుకోలేదు. ఇంకా ఏమేం అనాల్సిందో ఒక్కొక్కటే గుర్తొచ్చి, అవి అననందుకు కుతకుతలాడింది.

మిల్లులో అప్పటికి మొదటి పొంగు చల్లారిన వైను పెద్ద తొట్టినిండా ఉంది. తడకల మీద పండు తొమ్మిదో రోజులో ఉంది. ఆ సంగతి మిల్లువాళ్ళకీ తెలుసు, కుమారికీ తెలుసు.

మర్నాడే పూర్ణచంద్రరావు కొడుకు కిరణ్ కుమార్ కారేసుకుని అడవులదీవి వచ్చాడు. "కుమారక్కా, హోటలావిడ నిన్నే అడుగుతోంది. చేసినావిడ లేకుండా మాట్లాడనంటోంది. రా అక్కా."

"మీ నాన్నగారిని రమ్మను," అంది కుమారి. వలకి పోగు వేస్తున్న ఆమె మొగుడు ఏడుకొండలు తలెత్తి ఒకసారి చూసి, మళ్ళీ వల మీదికి వంగాడు.

పదకొండో రోజు పొద్దున్నే పూర్ణచంద్రరావు వచ్చాడు. ప్లాస్టిక్కు కుర్చీ వేస్తే కూర్చున్నాడు. కాఫీ ఇస్తే తాగలేదు. రెండు రోజుల్లోనే వయసు మీద పడినట్టున్నాడు.

"తప్పయిందమ్మాయ్," అన్నాడు నేల చూస్తూ. "ఆ నిమిషాన నీ పేరు చెప్పడానికి నోరు రాలేదు. పుస్తకం మళ్ళీ వేయిస్తాను. నీ పేరు ఉంటుంది. ఉన్నదున్నట్టు ఉంటుంది. నా మాట."

కుమారి తల్లి వైపు చూసింది. వీరరాఘవమ్మ పెదవి విరిచింది. "మాటకేముందే, గాలికి పోయేదేగా. కానీ పళ్ళు ఏం పాపం చేశాయి? వెళ్ళి కలిపిరా."

కుమారి వెళ్ళింది. ఆయన కోసమే వెళ్ళలేదు. పదకొండో రోజు దాటుతున్న పండు వాసన అంత దూరం నుంచి కూడా ముక్కుకి తగులుతున్నట్టుంది. షెడ్డులో అడుగుపెట్టగానే గుత్తులు వాసన చూసి, చేతులు కడుక్కుని పనిలో దిగింది. సాయంత్రానికి పండంతా తొట్టిలో పడింది. మూడో రోజుకి వైను మళ్ళీ పొంగడం మొదలుపెట్టింది. పొంగే తొట్టిలో తొక్కలన్నీ పైకి తేలి అట్టలా కడతాయి. పొద్దున, సాయంత్రం కర్రతో వాటిని కిందికి తొక్కకపోతే ఆ అట్ట పులిసి కిందున్న వైనునంతా వినిగర్ చేసేస్తుంది. రెండువారాలు కనిపెట్టుకుని ఉండాలి. కుమారి తొట్టి మీద వేసిన పలక మీదే నిలబడేది. కోపం పోలేదు గానీ, ఉన్నదున్నట్టు ఉంటుందన్న మాట ఒకటి దాన్ని కాస్త తొక్కిపెట్టింది.

అయిదో రోజున కిరణ్ కుమార్ కొత్త పుస్తకం పట్టుకుని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "చూడక్కా, నీ పేరు వేశాం!"

"చదివి చెప్పు బాబూ."

కిరణ్ చదివాడు. ఇటలీలో ఉండొచ్చిన కుమారి అని ఉంది, ఆమె తడకల మీద ఎండబెడుతుందని ఉంది. మధ్యలో ఒక చోట ఆగి, మింగి, తర్వాతి లైనుకి పోయాడు. కుమారి ముక్కే కాదు, చెవీ చురుకే. పలక దిగొచ్చి పుస్తకం లాక్కుంది. ఇంగ్లీషు తెలియదు కానీ, పదేళ్ళు ఇటలీలో ఆ అక్షరాలే చదివింది. తన పేరు మీద వేలు పెట్టి, పక్క మాట కూడబలుక్కుంది. సర్... వెంట్.

"ఇదేంటి?"

"అది... అదేం లేదక్కా..."

"మొత్తం చెప్పు."

"మా ముత్తాతగారి పద్ధతిని... మా ఇంటి నమ్మకమైన సర్వెంట్ కుమారి... ఈ రోజుకీ శ్రద్ధగా పాటిస్తోంది."

కుమారి ఫోను తీసి పూర్ణచంద్రరావుకి కలిపింది.

"పుస్తకం చదివారా బాబుగారూ?"

"చదివానమ్మా. నీ పేరుంది కదా."

"ముత్తాతగారు కూడా ఉన్నారు."

"ఆయన్ని తీసేస్తే మా ఇంటికేం మిగులుతుందమ్మాయ్? పేరు వేశాం, నమ్మకమైన అని కూడా వేశాం. అందులో తప్పేముంది?"

ఆయన నిజంగానే అడుగుతున్నాడు. వెటకారం లేదు. తప్పేముందో ఆయనకి నిజంగా తెలియదు. కుమారికి అసలు కోపం అప్పుడొచ్చింది. బాపట్లలో వచ్చింది దీని ముందు చిరాకు.

"ఉన్నదున్నట్టు అన్నారు. పండు తొట్టిలో పడేదాకానే ఆ మాట. నా చేత పని చేయించుకోవడానికి మా వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని అబద్ధమాడారు. పెద్దవారు!"

పుస్తకాన్ని నిలువునా చింపింది. చించిన ముక్కల్ని కిరణ్ చేతిలో పెట్టింది. తొట్టి తొక్కే కర్రని గోడకి ఆనించి, మిల్లులో తను పడుకునే గదిలోకి వెళ్ళి బట్టలు సంచీలో కుక్కుకుంది.

"అక్కా, తొట్టి ఇంకా పొంగుతోంది!" కిరణ్ వెంట పరిగెత్తాడు. "సాయంత్రం ఎవరు తొక్కుతారు?"

గుమ్మం దగ్గర కుమారి కాళ్ళు ఆగిపోయాయి. వెనక తొట్టి ఊపిరి తీస్తున్నట్టే ఉంది. పొంగే తొట్టిని వదిలి రొసీనా ఇంట్లో ఎవరూ శవం వెంట కూడా వెళ్ళేవాళ్ళు కాదు. ఆమె కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి, అవి కూడా కోపంతోనే.

"రోజుకి రెండుసార్లు," అంది వెనక్కి తిరక్కుండా. "నాలుగు తరాలుగా చేస్తున్నారుగా. చేసుకోండి."

వాళ్ళు చేసుకోలేదు. చందన యంత్రం తెప్పిద్దామంది, కిరణ్ ఇద్దరు కూలీలని పెట్టాడు. వాళ్ళు ఒక పూట తొక్కారు, ఒక పూట మానేశారు. పది రోజులకి మిల్లు గేటు దగ్గరికే పుల్లటి వాసన కొట్టిందని అటుగా వెళ్ళినవాళ్ళు చెప్పుకున్నారు. ఆ ఏటి వైనంతా పోయింది. హోటలావిడ ఇంకెప్పుడూ ఫోనెత్తలేదు. ఆ కబురు విని శ్రావణి చప్పట్లు కొట్టింది. కుమారి కూతుర్ని కసిరింది. ఆ పూట అన్నం తినలేకపోయింది.

వేసవిలో శిందే ఫోను చేశాడు. ఆరేళ్ళుగా ద్రాక్ష ముదిరిందనీ, లారీ ఆలస్యమైందనీ కుమారి చేత వచ్చీరాని హిందీలో తిట్లు తిన్న రైతు. తన ఇంట్లోనే చిన్నగా వైను మొదలుపెడుతున్నాడు. ద్రాక్ష కోత కాలానికి వచ్చి చేసిపెట్టమన్నాడు. సీసా మీద ఏం రాయాలో ముందే కాగితం మీద రాసి పంపించాడు. చేసినవారు: కుమారి, అడవులదీవి. అంతే. వీరరాఘవమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివించుకుంది. తడకలు ఎలా కట్టాలో చూపించడానికి తానూ వస్తానంది.

చలికాలం చివర, ప్రయాణానికి వారముందు, పూర్ణచంద్రరావు ఫోను చేశాడు. గొంతు పీలగా ఉంది.

"మిల్లు ఖాళీగా ఉందమ్మాయ్. ముత్తాత లేడు, ఏమీ లేదు. నీకెలా కావాలంటే అలా రాయించుకో. కోపం తగ్గిందా?"

"తగ్గలేదండి," అంది కుమారి. "పొంగే తొట్టిని వదిలేసి వచ్చాను నేను. రొసీనా బతికి ఉంటే నా మొహం చూసేది కాదు. పుస్తకంలో ఏం రాసుకున్నా భరించేదాన్నేమో బాబుగారూ. నన్ను అలాంటి పని చేసే మనిషిని చేశారు చూడండి, దానికి మీ దగ్గర బదులుందా?"

కుమారి ఫోను పెట్టేసింది. కొంగు దోపుకుని, తల్లికీ తనకీ రిజర్వేషను చేయించడానికి తెనాలి స్టేషనుకి బయల్దేరింది.